కాక్‌పిట్‌లో పంక్తిభేదం: మన ఎయిర్‌లైన్ పైలట్ల జీతాల ఒప్పందాల కథ

ఎయిర్‌లైన్ పైలట్ అనగానే మనలో చాలామందికి మొదట గుర్తొచ్చేది జీతం. వాయుసేన ట్రాన్స్‌పోర్టు స్క్వాడ్రన్లలోంచి, నౌకాదళ విమాన విభాగంలోంచి బయటికొచ్చి సివిల్ విమానాలు నడుపుతున్న మనవాళ్ళు ఎక్కడ కలిసినా "నెలకెంత వస్తుందేమిటి?" అన్న ప్రశ్న తప్పదు. ఆ అంకె విని ముక్కున వేలేసుకునేవాళ్ళు కొందరు. "ఇంత తీసుకుంటూ మళ్ళీ సమ్మెలెందుకండీ?" అని విసుక్కునేవాళ్ళు కొందరు.

ఈ రెండో ప్రశ్నకు జవాబు కావాలంటే ఒక సమ్మెను చూస్తే సరిపోదు, డెబ్బై ఏళ్ళ చరిత్ర తిరగెయ్యాలి. నేను ఆ పని చేశాక నాకు అర్థమైంది ఒక్కటే. మన దేశంలో పైలట్ల పెద్ద తగాదాల్లో చాలావాటికి అసలు మూలం జీతం తక్కువ కావడం కాదు. పక్క సీట్లో కూర్చున్నవాడికి ఒక లెక్క, తనకు ఒక లెక్క అయినప్పుడే గొడవ ముదిరింది. మన పెద్దలు దీన్నే పంక్తిభేదం అన్నారు. ఒకే పంక్తిలో కూర్చోబెట్టి ఒకరి విస్తట్లో నెయ్యి, పక్కవాడి విస్తట్లో మజ్జిగ నీళ్ళు పోస్తే కడుపు నిండినా మనసు నిండదు. ఒకే ర్యాంకు, ఒకే పెన్షన్ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన మనకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఒకే సెక్షన్, రెండు తలుపులు

పైలట్లు సంఘం పెట్టుకుని యాజమాన్యంతో ఒప్పందం రాయించుకోవడానికి ఆధారంగా నిలిచింది 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం. అందులో సెక్షన్ 2(ఎస్) "కార్మికుడు" అంటే ఎవరో చెబుతుంది. మొదట్లో శారీరక శ్రమ చేసేవాళ్ళు, గుమాస్తాలు మాత్రమే అందులో ఉండేవారు. 1956 సవరణతో సాంకేతిక పని చేసేవాళ్ళు చేరారు. 1982లో చేసి 1984 నుంచి అమలుపరచిన సవరణతో "ఆపరేషనల్" పని కూడా చేరింది. లక్షల జీతం తీసుకునే కెప్టెన్ చట్టం దృష్టిలో కార్మికుడు ఎలా అయ్యాడా అని ఆశ్చర్యపోయేవారికి జవాబు ఇక్కడుంది. చట్టం చూసేది జీతం అంకెను కాదు, చేసే పని స్వభావాన్ని.

అదే సెక్షన్‌లో ఎవరెవరు కార్మికులు కారో కూడా రాసి ఉంది. ఆ మినహాయింపుల్లో మొట్టమొదట కనిపించే పేరు ఎయిర్‌ఫోర్స్ యాక్ట్, 1950. దాని వెనకే ఆర్మీ యాక్ట్, నేవీ యాక్ట్. తర్వాత పోలీసులు, జైలు సిబ్బంది. ఆ తర్వాత మేనేజ్‌మెంట్ హోదాలో పనిచేసేవారు. ఈ చివరి మినహాయింపును కాస్త గుర్తుంచుకోండి, ముందుముందు దీనితో పని పడుతుంది.

అంటే ఒకే మనిషి, ఒకే విద్య. యూనిఫారంలో ఉన్నంతకాలం రాజ్యాంగం 33వ అధికరణం కింద అతనికి సంఘం లేదు, సమ్మె లేదు, బేరం లేదు. జీతం సంగతి పే కమిషన్ చెబుతుంది, ప్రభుత్వం ఆర్డరు ఇస్తుంది, మనం "యెస్ సర్" అంటాం. యూనిఫారం విప్పి ఎయిర్‌లైన్‌లో చేరిన మర్నాటి నుంచి అతని జీతం ఒక కాగితం మీద, రెండు పక్షాల సంతకాలతో నిర్ణయమవుతుంది. మనవాళ్ళలో చాలామందికి ఈ మార్పు అలవాటు కావడానికి కొంతకాలం పడుతుంది. కాగితం చదవకుండా సంతకం పెట్టేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆర్డరుకు అలవాటుపడ్డ చెయ్యి కదా!

ఎనిమిది కంపెనీలు, ఒక జాబితా

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికా సైన్యం వదిలి వెళ్ళిన డకోటాలు మన దేశంలో చవగ్గా దొరికాయి. యుద్ధంలో విమానాలు నడిపిన పైలట్లు కూడా ఉన్నారు. దాంతో ఎయిర్‌లైన్ కంపెనీలు పుట్టగొడుగుల్లా లేచాయి. అన్నిటికీ సరిపడా ప్రయాణికులు లేరు, నష్టాలు మాత్రం ఉన్నాయి. 1953లో ప్రభుత్వం ఎయిర్ కార్పొరేషన్స్ చట్టం తెచ్చి, ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి వాటిని జాతీయం చేసింది. విదేశీ సర్వీసులు ఎయిరిండియా ఇంటర్నేషనల్‌కు, స్వదేశీ సర్వీసులు ఇండియన్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషన్‌కు వెళ్ళాయి.

ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయిన ఎనిమిది కంపెనీల్లో మన హైదరాబాదు డెక్కన్ ఎయిర్‌వేస్ ఒకటి. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాల భాగస్వామ్యంతో బేగంపేట కేంద్రంగా మొదలైన సంస్థ అది. విలీనం నాటికి కొత్త కార్పొరేషన్ చేతికి 99 విమానాలు వచ్చాయి. అందులో 74 డకోటాలే. విమానాలను కలపడం తేలిక, డకోటా ఎక్కడున్నా డకోటాయే. మనుషుల్ని కలపడం అలా కాదు. ఒక్కో కంపెనీకి ఒక్కో జీతం స్కేలు, ఒక్కో సీనియారిటీ జాబితా. వాటన్నిటినీ ఒక జాబితాగా పేర్చాలి.

ఎయిర్‌లైన్‌లో సీనియారిటీ అంటే ఏమిటో ఇక్కడ చెప్పుకోవాలి. మనకు సీనియారిటీ ర్యాంకుతో పాటు వస్తుంది, యూనిట్ మారినా పోదు. యూనియన్ ఒప్పందం నడిచే ఎయిర్‌లైన్‌లో ఆ జాబితాయే పైలట్ జాతకం. కో-పైలట్ సీటు నుంచి కెప్టెన్ సీటుకు ఎప్పుడు మారతాడు, చిన్న విమానం నుంచి పెద్ద విమానానికి ఎప్పుడు వెళతాడు, ఏ ఊరు బేస్‌గా దొరుకుతుంది, అన్నీ దానిమీదే ఆధారపడతాయి. జాబితాలో యాభై స్థానాలు కిందికి జారితే కెప్టెన్ కావడం ఏళ్ళ తరబడి వెనక్కి పోవచ్చు. అందుకే జీతంలో వెయ్యి తగ్గితే సణిగి ఊరుకునే మనిషి జాబితాలో పేరు కిందికి దిగితే మాత్రం ఊరుకోడు. 1953లో వేసిన ఈ చిక్కుముడి పద్ధతి 2007లోనూ, 2024లోనూ మళ్ళీ పడింది.

ఒప్పందం కాగితంలో ఏముంటుంది?

మన ఫ్లయింగ్ అలవెన్సు నెలకింత అని ఉంటుంది, గంటల లెక్కన ఇవ్వరు. ఎయిర్‌లైన్ పైలట్ సంపాదనలో మూల వేతనం ఒక భాగం మాత్రమే, పెద్ద భాగం గంటల లెక్కలో వస్తుంది. అందుకని ఒప్పందంలో మొదట చూడాల్సింది "గ్యారంటీ గంటలు". అంటే విమానం ఎగిరినా ఎగరకపోయినా నెలకు ఇన్ని గంటల డబ్బు తప్పకుండా ఇస్తామన్న మాట.

లెక్క కోసం గంటకు 5,000 రూపాయలు అనుకుందాం. గ్యారంటీ 70 గంటలైతే నెలకు 3,50,000. అదే 40 గంటలైతే 2,00,000. గంట రేటు పైసా తగ్గలేదు, అయినా ఆదాయంలో లక్షన్నరకు భరోసా పోయింది. ఎక్కువ ఎగిరిన నెలలో తేడా తెలియదు. సర్వీసులు తగ్గిన నెలలో, సెలవు పెట్టిన నెలలో, ట్రైనింగుకు వెళ్ళిన నెలలో తెలుస్తుంది. ఇల్లు కొనుక్కుని బ్యాంకు వాయిదాలు కట్టుకునేవాడికి ఇది చిన్న సంగతి కాదు.

తర్వాత చూడాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. కొత్త రకం విమానంలో శిక్షణ ఇచ్చినందుకు రాయించుకునే బాండు ఎన్నేళ్ళు, ఎంత సొమ్ము? వేరే ఊరి నుంచి విమానం తీసుకెళ్ళడానికి ప్రయాణికుడిలా కూర్చుని వెళ్ళిన సమయానికి డబ్బు ఉందా? ఊరు కాని ఊళ్ళో బస, భోజనం ఎవరి ఖర్చు? అన్నిటికంటే ముఖ్యం, లైసెన్స్ పోతే ఏమిటి?

ఈ ఆఖరి మాట మనవాళ్ళకు బాగా అర్థమవుతుంది. సివిల్ పైలట్ల వైద్య పరీక్షలు జరిగే చోట్లలో బెంగుళూరులోని మన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్, ఢిల్లీ సుబ్రతో పార్కులోని వాయుసేన వైద్య కేంద్రం కూడా ఉన్నాయి. సర్వీసులో మెడికల్ కేటగిరీ పడిపోతే గ్రౌండ్ డ్యూటీ ఇస్తారు, ర్యాంకు ఉంటుంది, పెన్షన్ ఉంటుంది. ఎయిర్‌లైన్‌లో గుండెలో చిన్న తేడా కనిపించి మెడికల్ ఫెయిలైతే నలభై ఏళ్ళ వయసులో వేరే బతుకుతెరువు వెతుక్కోవాలి. అప్పుడు ఆదుకునేది లైసెన్స్ నష్టానికి చేసిన ఇన్సూరెన్సు మాత్రమే. ఒప్పందంలో ఆ ఒక్క పేరా ఉందా లేదా అన్నది ఆ ఇంటి తలరాత.

ఎయిర్ చీఫ్ మార్షల్ లాల్ గారి రెండో యుద్ధం

బల్లకు రెండు వైపులా ఏముంటుందో తెలిసిన మనిషిని మన వాయుసేనే ఇచ్చింది. 1971 యుద్ధంలో వాయుసేనాధిపతిగా ఉన్న ఎయిర్ చీఫ్ మార్షల్ ప్రతాప్ చంద్ర లాల్ గారు 1973 జనవరిలో రిటైరయ్యారు. అదే ఏడాది ఇండియన్ ఎయిర్‌లైన్స్ పగ్గాలు చేపట్టారు. అది ఆయనకు కొత్త చోటు కాదు, 1957 నుంచి 1962 దాకా డెప్యుటేషన్ మీద అక్కడే జనరల్ మేనేజర్‌గా చేశారు.

అప్పటికి సంస్థలో పైలట్లకు ఒక సంఘం, ఇంజనీర్లకు ఒకటి, గ్రౌండ్ సిబ్బందికి ఒకటి. ఒకరికి ఇస్తే మరొకరు "మాకేదీ?" అనేవారు. 1973 చివర్లో పని వేళలు, షిఫ్టుల విషయంలో ఉద్యోగులతో తగవు ముదిరి లాకౌట్ దాకా పోయింది. ఆ తగవు పైలట్లది మాత్రమే కాదు, కానీ సంస్థ మొత్తాన్ని కుదిపింది. యుద్ధంలో ఆర్డరుతో పని నడిపించిన సేనాధిపతి ఇక్కడ ఒక్కో షిఫ్టు గురించి, ఒక్కో అలవెన్సు గురించి బల్ల ముందు కూర్చుని మాట్లాడాల్సి వచ్చింది. ఎమర్జెన్సీ రోజుల్లో, 1976లో ఆయన ఆ పదవి వదిలి బయటికొచ్చారు.

ఇంకో సంగతి గమనించండి. 1973లోనే మూడో పే కమిషన్ నివేదిక వచ్చింది. సాయుధ దళాల జీతాలను మొదటిసారి సివిల్ ఉద్యోగులతో కలిపి చూసిన కమిషన్ అదే. పాత పెన్షన్ పద్ధతి మనకు దూరమైంది కూడా అప్పుడే. అంటే ఒకే ఏడాది అటు సంఘాలున్నవాళ్ళు లాకౌట్ దాకా వెళ్ళి పోట్లాడారు, ఇటు సంఘం లేని మనం ఆర్డరు కాపీ చదువుకున్నాం. ఎవరిది మంచి దారి అని నేను తీర్పు చెప్పను. రెండు దారులకూ ఖరీదు ఉందని మాత్రం చెబుతాను.

హైదరాబాదు నుంచి బయల్దేరిన ఉజ్బెక్ విమానం

1990ల మొదట్లో ఆకాశం ప్రైవేటువారికి తెరుచుకుంది. ఈస్ట్ వెస్ట్, దమానియా, జెట్, మోదీలుఫ్త్, సహారా ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. వాటికి విమానాలు అద్దెకు దొరికాయి గానీ పైలట్లు దొరకలేదు. తయారుగా ఉన్న పైలట్లు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో ఉన్నారు. ప్రైవేటు వాళ్ళు చూపించే జీతానికీ ప్రభుత్వ సంస్థ స్కేలుకూ పొంతన లేదు. అదే పని, అదే ఆకాశం, రెండు రకాల జీతాలు.

1992 డిసెంబరులో ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్ల సంఘం ఇండియన్ కమర్షియల్ పైలట్స్ అసోసియేషన్ సమ్మెకు దిగింది. ప్రభుత్వం బెట్టు సడలించలేదు. విమానాలను సిబ్బందితో సహా విదేశాల నుంచి అద్దెకు తెచ్చి సర్వీసులు నడిపించింది. వాటిలో ఉజ్బెకిస్తాన్ ఎయిర్‌వేస్ వారి టుపొలెవ్ 154 ఒకటి.

1993 జనవరి 9న ఆ విమానం బేగంపేట నుంచి ఢిల్లీ బయల్దేరింది. ఢిల్లీలో పొగమంచు. దిగేటప్పుడు రన్‌వే తప్పి పక్కన నేలను తాకింది. అక్కడున్న కట్టడాలకు కొట్టుకుని తిరగబడి ముక్కలైంది, మంటలు అంటుకున్నాయి. అందులో 165 మంది ఉన్నారు. దేవుడి దయ వల్ల ఒక్కరి ప్రాణం కూడా పోలేదు. ఆ విమానంలో ఉన్న మన హైదరాబాదువాళ్ళు ఢిల్లీ నుంచి ఫోన్లు చేసేదాకా ఇళ్ళల్లో పడిన ఆందోళన ఎంతో ఊహించుకోవచ్చు. పౌర విమానయాన మంత్రి మాధవరావు సింధియా నైతిక బాధ్యత వహించి రాజీనామా చేశారు. ఆ నెలలోనే సమ్మె కూడా ముగిసింది.

మంచు కప్పిన రన్‌వే మీద జరిగినదాన్ని సమ్మె చేసినవాళ్ళ మీదకో, సమ్మెకు లొంగనివాళ్ళ మీదకో నెట్టడం నాకు ఇష్టం లేదు. కానీ బల్ల దగ్గర మాట తెగకపోతే దాని భారం టికెట్టు కొన్న మనిషి నెత్తిన పడుతుందన్న మాటకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఆ తర్వాత పైలట్లు ప్రైవేటుకు తరలిపోకుండా ఆపడానికి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో ఉత్పాదకతతో ముడిపెట్టిన ప్రోత్సాహకం వచ్చింది. పైలట్లు దాన్ని పొడిగా పీఎల్ఐ అంటారు. ఆ రోజుకు సమస్య తీరింది. పదిహేనేళ్ళ తర్వాత ఆ మూడక్షరాల మీదే మళ్ళీ గొడవ పుట్టింది.

ఒక ఒరలో రెండు కత్తులు

2007లో ఎయిరిండియాను, ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ను కలిపి ఒకే కంపెనీ చేశారు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని మన సామెత. ఎయిరిండియా పైలట్లది ఇండియన్ పైలట్స్ గిల్డ్, వారివి బోయింగ్ విమానాలు, విదేశీ రూట్లు. ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లది పైన చెప్పిన అసోసియేషన్, వారివి ఎక్కువగా ఎయిర్‌బస్‌లు, స్వదేశీ రూట్లు. కంపెనీ ఒకటే అయినా రెండు సంఘాలు, రెండు ఒప్పందాలు, రెండు జాబితాలు అలాగే నిలిచిపోయాయి. ముందు జాబితాలు తేల్చి తర్వాత బోర్డు మార్చాల్సింది. ముందు బోర్డు మార్చి జాబితాల సంగతి తర్వాత చూద్దామన్నారు.

2009 సెప్టెంబరులో నష్టాల పేరు చెప్పి ప్రోత్సాహకాల్లో కోత పెట్టబోతే ఎయిరిండియా ఎగ్జిక్యూటివ్ పైలట్లు విధులకు రాలేదు. వీళ్ళు యూనియన్ సభ్యులు కారు, మేనేజ్‌మెంట్ హోదాలో ఉన్నవాళ్ళు! హోదా మార్చినంత మాత్రాన గొడవ ఉండదనుకునేవాళ్ళకు అది ఒక పాఠం.

అదే నెలలో జెట్ ఎయిర్‌వేస్‌లో ఇంకో కథ. సంఘం పెట్టడానికి ముందు నిలిచిన పైలట్లను తొలగించారన్న కోపంతో సెప్టెంబరు 8 నుంచి వందలాది పైలట్లు ఒక్కసారిగా అనారోగ్య సెలవు పెట్టారు. అయిదు రోజులు దేశమంతా ప్రయాణికులు అవస్థపడ్డారు. చివరికి తొలగించినవారిని తిరిగి తీసుకోవడానికి కంపెనీ ఒప్పుకుంది. అక్కడ జీతం ఊసే లేదు, సంఘం పెట్టుకునే హక్కు గురించే ఆ తగవంతా.

ఇక 2011. ఏప్రిల్ చివరి నుంచి మే 6 దాకా పది రోజులు పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సమ్మె చేశారు. వారి వాదన సూటిగా ఉంది. మా సంపాదన ఎగిరిన గంటల మీద ఆధారపడింది, సర్వీసులు తగ్గించేసరికి మాకు గంటలు తగ్గాయి. అవతలి జాబితావాళ్ళకు మాత్రం గ్యారంటీ గంటలున్నాయి, ఎగరకపోయినా వాళ్ళకు డబ్బు వస్తుంది. ఒకే కంపెనీ, ఒకే టోపీ, మరి ఈ తేడా ఏమిటి? యాజమాన్యం సంఘం గుర్తింపు రద్దు చేసింది, నాయకులను తొలగించింది. ఢిల్లీ హైకోర్టు సమ్మె ఆపమంది, ఆపకపోతే కోర్టు ధిక్కారం అంది. చివరికి రాజీ కుదిరింది, గుర్తింపు తిరిగి ఇచ్చారు, తీసేసినవారిని మళ్ళీ తీసుకున్నారు. రెండు జాబితాల ముడి విప్పమని జస్టిస్ ధర్మాధికారి కమిటీని వేశారు.

సరిగ్గా ఏడాది తిరిగేసరికి అవతలి పక్షం లేచింది. 2012 మేలో పైలట్స్ గిల్డ్ సభ్యులు విధులకు రావడం మానేశారు. కారణం బోయింగ్ 787 డ్రీమ్‌లైనర్. విలీనానికి ముందే, 2006లో ఎయిరిండియా ఈ విమానాలు 27 ఆర్డరు చేసింది. ఇప్పుడు వాటి మీద శిక్షణను రెండు జాబితాల పైలట్లకూ పంచుతామన్నారు. "మా విమానాలు వాళ్ళకిస్తే మేము కెప్టెన్లం ఎప్పుడవుతాం?" అని గిల్డ్ వాదన. "కంపెనీ ఒకటయ్యాక మీవీ మావీ ఏమిటి?" అని రెండోవారి వాదన. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది, చిక్కు కూడా అక్కడే ఉంది. ఆ సమ్మె 58 రోజులు నడిచింది. వందకు పైగా పైలట్లను తొలగించారు. విదేశీ సర్వీసులు అనేకం రద్దయ్యాయి. జూలై 3న పైలట్లు హైకోర్టుకు హామీ ఇచ్చి పనిలోకి వచ్చారు. మొదటి డ్రీమ్‌లైనర్ ఆ సెప్టెంబరులో వచ్చింది. దానికోసం పోట్లాడినవాళ్ళ చేతికి రెండు నెలలు జీతం లేదు.

కాగితం ఉన్నా డబ్బు రాని రోజులు

ఒప్పందం ఎంత గట్టిగా రాయించుకున్నా కంపెనీ గల్లాపెట్టెలో డబ్బు లేకపోతే ఏమవుతుందో రెండుసార్లు చూశాం. 2012లో కింగ్‌ఫిషర్ సిబ్బంది నెలల తరబడి జీతాల్లేక పనిచేశారు, అక్టోబరులో కంపెనీ లైసెన్స్ సస్పెండ్ అయింది. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ చివరి విమానం దిగింది. అప్పటికి పైలట్లకు మూడు నెలలుగా జీతం అందలేదు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ సంస్థ ఆస్తులు అమ్మి అప్పులు తీర్చమని ఆదేశించడంతో దాని కథ ముగిసింది.

కంపెనీ పరిస్థితి బాగోలేదని పైలట్ వెంటనే వెళ్ళిపోగలడా అంటే అదీ అంత సులువు కాదు. 2005లో డీజీసీఏ పైలట్లకు ఆరు నెలల నోటీసు నియమం పెట్టింది. 2017లో, మన విజయనగరం అశోక్ గజపతిరాజు గారు విమానయాన మంత్రిగా ఉన్న కాలంలో, కెప్టెన్లకు అది ఏడాది అయింది. ఉన్నట్టుండి పైలట్లు వెళ్ళిపోతే సర్వీసులు ఆగి ప్రయాణికులు ఇబ్బంది పడతారన్నది నియమం వెనక కారణం. పేపర్లు పెట్టుకుని రిలీజు కోసం ఎదురుచూసిన మన ఆఫీసర్లకు ఇది తెలిసిన బాధే. తేడా ఏమిటంటే, మన దగ్గర ఎదురుచూసినన్నాళ్ళూ ఒకటో తారీఖుకు జీతం పడేది.

నలభై గంటలు, డెబ్బై గంటలు

2022 జనవరి 27న ఎయిరిండియా తిరిగి టాటాల చేతికి వెళ్ళింది. 1953లో పోగొట్టుకున్నది అరవై తొమ్మిదేళ్ళకు తిరిగొచ్చిందని దేశమంతా మెచ్చుకుంది. 2023 ఏప్రిల్‌లో కొత్త యాజమాన్యం పైలట్లకు కొత్త ఒప్పందం ఇచ్చింది. కోవిడ్‌కు ముందు 70 గంటలుగా ఉన్న గ్యారంటీ అందులో 40 గంటలైంది. ఇంతకుముందు నేను వేసి చూపించిన లెక్క ఇదే. కెప్టెన్‌గా నాలుగేళ్ళు నిండినవారిని మేనేజ్‌మెంట్ హోదాలోకి తీసుకుంటామన్న మాట కూడా ఉంది. గుర్తుంచుకోమన్నానే, సెక్షన్ 2(ఎస్)లో ఆ చివరి మినహాయింపు, దాని ప్రాణం ఇక్కడ తెలుస్తుంది. మేనేజ్‌మెంట్ మనిషి అయితే కార్మికుడు కాడు, కార్మికుడు కాకపోతే సంఘంతో బేరం లేదు. హోదా పెరిగినట్టే ఉంటుంది, చేతిలోని కర్ర మాత్రం జారిపోతుంది. గిల్డ్, అసోసియేషన్ రెండూ పాత పగలు పక్కన పెట్టి, సంతకం పెట్టొద్దని సభ్యులకు కలిసి చెప్పాయి. ఆ సంఘాలను మేము గుర్తించలేదని యాజమాన్యం అంది. చివరికి ఎక్కువమంది సంతకాలు పెట్టారు.

టాటాల కింద అప్పటికి నాలుగు ఎయిర్‌లైన్లున్నాయి. వాటిని రెండుగా కలిపే పనిలో విస్తారా పైలట్ల ఒప్పందాన్ని కూడా 70 నుంచి 40 గంటల లెక్కకు మార్చారు. 2024 ఏప్రిల్ మొదట్లో విస్తారాలో పైలట్లు చాలినంతమంది విధులకు రాక వందకు పైగా సర్వీసులు రద్దయ్యాయి. అనారోగ్య సెలవులు, అదీ 2009 పాఠమే. కంపెనీ తన సర్వీసులు తగ్గించుకోవాల్సి వచ్చింది. ఆ ఏడాది నవంబరు 12న విస్తారా ఎయిరిండియాలో కలిసిపోయింది. మళ్ళీ జాబితాలు కలిపే పని, మళ్ళీ 1953.

ఇప్పుడు ఆట నియమాలు కూడా మారాయి. పాత పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020 వచ్చి 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉంది. సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సగం మంది గానీ అంతకంటే ఎక్కువమంది గానీ ఒకేరోజు కూడబలుక్కుని క్యాజువల్ లీవు పెడితే అదీ సమ్మె కిందికే వస్తుంది. 51 శాతం మంది సభ్యులున్న సంఘమే ఒంటరిగా బేరం చేయగలదు. మన మూడు దళాలకు మినహాయింపు ఈ కోడ్‌లోనూ ఉంది, తలుపు అలాగే మూసి ఉంది.

డబ్బు కంటే గంటలే ముఖ్యమని 2025 డిసెంబరులో దేశమంతా చూసింది. పైలట్ల అలసట తగ్గించడానికి డీజీసీఏ 2024 జనవరిలో కొత్త నియమాలు ప్రకటించింది. వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకు పెరిగింది, రాత్రివేళ ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు తగ్గాయి. కంపెనీలు గడువు అడిగాయి, పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళాయి. చివరికి 2025 జూలై, నవంబరు నెలల్లో రెండు విడతలుగా అమలైంది. రెండో విడత వచ్చేసరికి ఇండిగో దగ్గర లెక్కకు సరిపడా పైలట్లు లేరు. డిసెంబరు 5 ఒక్కరోజే వెయ్యికి పైగా సర్వీసులు రద్దయ్యాయి. అప్పుడు డీజీసీఏ ఆ కంపెనీకి తాత్కాలికంగా సడలింపు ఇచ్చింది. ఆ వారంలో ఎక్కడా సమ్మె లేదు. విశ్రాంతి నియమం రాబోతోందని ముందే తెలిసినా మనుషుల్ని సిద్ధం చేసుకోకపోవడమే ఉంది.

మనకు ఇందులో ఏముంది?

1953, 2007, 2024. మూడుసార్లూ విమానాలకు రంగులు వేయడం ముందు జరిగింది, మనుషుల లెక్క తేల్చడం వెనక పడింది. మన సర్వీసుల్లో కూడా కేడర్లు కలిపినప్పుడు, పే బ్యాండ్లు మార్చినప్పుడు ఇదే బాధ చూశాం. 2008లో ఆరో పే కమిషన్ తేడాలు సరిచేయమని మూడు దళాల అధిపతులు అమలును కొన్నాళ్ళు ఆపి మరీ అడిగారు. ఒకే ర్యాంకు, ఒకే పెన్షన్ 2015 సెప్టెంబరు 5న ప్రకటించడానికి ముందు మన మాజీ సైనికులు జంతర్ మంతర్ దగ్గర ఎండలో కూర్చున్నారు. అడిగింది ఎక్కువ డబ్బు కాదు, ఒకే పంక్తిలో ఒకే వడ్డన.

కాబట్టి పైలట్ల సమ్మె వార్త చదివినప్పుడు "ఎంత తీసుకుంటున్నారు?" అని ఆగిపోకుండా, "ఎవరితో తేడా పెట్టారు?" అని కూడా అడుగుదాం. అలాగని ప్రయాణికుల్ని బందీలుగా పెట్టి గెలిచే పద్ధతిని నేను సమర్థించను. 58 రోజుల సమ్మెలో ఎవరూ గెలవలేదు.

ఈ సంచిక చదివే తమ్ముళ్ళలో రేపో మాపో యూనిఫారం విప్పి సివిల్ కాక్‌పిట్‌లోకి వెళ్ళేవాళ్ళుంటారు. వాళ్ళకు నా మనవి. జీతం అంకె కింద గీత గీసుకునే ముందు నాలుగు పేరాలు వెతకండి. గ్యారంటీ గంటలెన్ని? బాండు ఎన్నేళ్ళు? లైసెన్స్ పోతే ఎంత ఇన్సూరెన్సు? కంపెనీ ఇంకొకదానిలో కలిస్తే నీ సీనియారిటీ ఎలా లెక్కిస్తారు? ఈ నాలుగో ప్రశ్నకు జవాబు కాగితం మీద లేకపోతే, సంతకం పెట్టే ముందే రాయించుకోండి. విలీనమయ్యాక రాయించుకోవడం ఎంత కష్టమో ఆ మూడు తేదీలే చెబుతున్నాయి.

జై హింద్.